వంతు వచ్చేదాకా

విజయవాడ బస్టాండు నుంచి గుంటూరు వెళ్ళే నాన్‌స్టాప్ బస్సు వారధి దాటుతుండగా నా పక్క సీటావిడ ఇక ఉండబట్టలేక అడిగేసింది. "ఏ మంత్రమండీ అది? ఎక్కినప్పటి నుంచి చూస్తున్నాను, మీ పెదాలు ఆడుతూనే ఉన్నాయి."

నేను అప్పటికి "ఏడు రెండు మూడు నాలుగు" దగ్గర ఉన్నాను. జవాబు చెబితే లెక్క పోతుంది. చెయ్యెత్తి ఆగమన్నాను. ఎనిమిది రెండు మూడు నాలుగు, తొమ్మిది రెండు మూడు నాలుగు, పది రెండు మూడు నాలుగు. మా ఆల్టోల వరస లోపల్లోపలే ఎత్తుకున్నాక అప్పుడు ఆవిడ వైపు తిరిగి, "మంత్రం కాదండీ, మా వంతు ఎప్పుడొస్తుందో లెక్కపెట్టుకుంటున్నాను" అన్నాను. ఆవిడ నా చేతిలోని కాగితాన్నీ నన్నూ మార్చి మార్చి చూసి, మంగళగిరి దాటేదాకా మళ్ళీ నోరు విప్పలేదు.

నాలుగు నెలల పాటు ఆదివారాలు ఇలాగే గడిచాయి. మావారు అడిగినవాళ్ళకీ అడగనివాళ్ళకీ చెప్పేవారు: "మా ఆవిడ గుంటూరులో బార్లు లెక్కపెట్టడానికి వెళుతోంది." సంగీతంలో నాలుగేసి దెబ్బల గదిని బార్ అంటారని ఎన్నిసార్లు చెప్పినా ఆయన ఆ ముక్క మాత్రం కావాలనే మింగేసేవారు.

అసలు సంగతి ఇది. బ్యాంకు ఉద్యోగం నుంచి రిటైరయి ఏడాదిన్నర. బాలమురళీకృష్ణ గారు తిరిగిన సత్యనారాయణపురంలోనే పుట్టి పెరిగినదాన్ని కాబట్టి ఆ వీధుల్లో చాలా ఇళ్ళలోలాగే మా ఇంట్లోనూ నాకు సంగీతం చెప్పించారు. వర్ణాలు దాటి ఓ ఇరవై కీర్తనలు వచ్చేసరికి పెళ్ళి, తరవాత ట్రాన్స్‌ఫర్లు, పిల్లలు. పాట వంటింటికీ, శ్రావణ శుక్రవారాలకీ పరిమితమైపోయింది. అలాంటిది, గుంటూరు బ్రాంచిలో నాతో పనిచేసిన ఒకావిడ ఫోను చేసి, "ఇక్కడ నలుగురూ కలిసి పాడే క్వయర్ పెడుతున్నారు. చర్చి వాళ్ళే కానక్కరలేదు, గొంతు ఉంటే చాలు. డిసెంబరులో చెన్నై నుంచి సింఫనీ ఆర్కెస్ట్రా వస్తుందట, దానితో కలిసి విజయవాడలో పాడాలి" అంది.

మా వైపు ఆర్కెస్ట్రా అంటే వినాయక చవితి పందిట్లో రాత్రి తొమ్మిదికి సినిమా పాటలు మొదలుపెట్టే బృందం. మా అబ్బాయి పెళ్ళికి కూడా ఒకటి పెట్టాం. అందుకని మొదట నేనూ అదే అనుకున్నాను. తీరా వెళితే అక్కడ పద్దెనిమిదో శతాబ్దపు పాశ్చాత్య సంగీతకారుడు హాండెల్.

మాకు నేర్పిన మాస్టారు చర్చిలో ఆర్గన్ వాయించే రిటైర్డ్ లెక్కల టీచరు. మొదటి ఆదివారమే బోర్డు మీద రెండు అంకెలు వేశారు: 1742, 1842. హాండెల్ కట్టిన పెద్ద బృందగానం 'మెస్సయా' మొట్టమొదట డబ్లిన్‌లో వినిపించింది 1742 ఏప్రిల్ 13న. హేయర్ అనే లూథరన్ మిషనరీ గుంటూరులో అడుగుపెట్టింది 1842 జూలై 31న. "నూరేళ్ళ తేడాతో రెండూ మన దాకా వచ్చాయి" అన్నారు. ఆ మిషన్ బడుల్లో, హాస్టళ్ళలో, చర్చిల్లో నాలుగు గొంతుల పాట (ఆడవాళ్ళలో పై గొంతు సోప్రానో, కింది గొంతు ఆల్టో; మగవాళ్ళలో పై గొంతు టెనర్, కింది గొంతు బాస్) నేర్చుకున్న కుటుంబాలు గుంటూరులో ఇప్పటికీ ఉన్నాయి. తాత బాస్, తండ్రి బాస్, మనవడు గొంతు మారగానే బాస్. ఆస్తిలాగా దిగుతుంది. హాండెల్ ఆ మొత్తం రచనను 1741లో ఇరవై నాలుగు రోజుల్లో పూర్తి చేశాడు. అందులోని ఒక్క హల్లెలూయా పాటకి మాకు నాలుగు నెలలు పట్టింది.

గొంతు పరీక్షలో నేను ఘనంగా ఒక వర్ణం అందుకున్నాను. మాస్టారు పల్లవి దాకా విని, "చాలమ్మా, చాలా బాగుంది" అని, కీబోర్డు మీద ఒక్కో మెట్టే పైకి తీసుకెళ్ళి, నా గొంతు ఎక్కడ జీరబోతుందో చూసి, "ఆల్టో" అని రాసుకున్నారు. చెల్లెలికి పట్టుచీర పెట్టి నాకు నేతచీర పెట్టినట్టయింది. పాట వరస సోప్రానోలది. ఆల్టోది పాట కాదు, పాట కింద వేసే పీట. ఇంట్లో ఒక్కదాన్నే సాధన చేస్తుంటే ఎనభై నాలుగేళ్ళ మా అత్తగారు మంచం మీద నుంచే అన్నారు: "ఇదేం పాటే అమ్మాయ్, ఒకేచోట నిలబడి దిక్కులు చూస్తున్నట్టుంది."

మొత్తం 64 మందిమి. సోప్రానోలు 22, ఆల్టోలు 18, బాస్ 15, టెనర్లు తొమ్మిదిమంది. టెనర్లని మాస్టారు అల్లుళ్ళలా చూసుకునేవారు. ఆలస్యంగా వచ్చినా ఏమీ అనేవారు కాదు, టీ ముందు వాళ్ళకే వెళ్ళేది.

నా పక్కన నిలబడేది ఒక రిటైర్డ్ నర్సు. అందరూ సిస్టర్ గారు అనేవారు. నలభై ఏళ్ళుగా ఆల్టో పాడుతున్న మనిషి. ఆవిడకి ఐదు గీతల స్టాఫ్ నొటేషనూ వచ్చు, టానిక్ సోల్ఫా కూడా వచ్చు. సోల్ఫా అంటే 19వ శతాబ్దంలో ఇంగ్లండులో జాన్ కర్వెన్ ప్రచారం చేసిన పద్ధతి. డో, రే, మీలకి పొడి అక్షరాలు, దెబ్బకీ దెబ్బకీ మధ్య రెండు చుక్కలు, స్వరం సాగితే అడ్డగీత. మన షడ్జంలాగే వాళ్ళ డో కూడా ఏ శ్రుతిలోనైనా పెట్టుకోవచ్చు. నేను రెండు వారాల్లో దాన్ని సరిగమల్లోకి దింపుకుని నోట్‌బుక్కులో రాసుకున్నాను. పాట శ్రుతి రెండు, రాగం శంకరాభరణం. ఇంకేం, మన ఇల్లే అనుకున్నాను.

అక్కడే దెబ్బ తిన్నాను. నలభై ఏళ్ళ కిందట నాకు సంగీతం చెప్పిన మాస్టారు నా చేత వందలసార్లు పాడించిన శంకరాభరణం నిషాదం ఊరికే నిలబడదు. షడ్జాన్ని తాకి వస్తూ ఉంటుంది. అలా తాకితేనే రాగం. ఇక్కడ పద్దెనిమిది మంది ఆల్టోల్లో పదిహేడు మంది నిషాదం మేకు కొట్టినట్టు నిలబడితే నాది ఒక్కటే ఊయల ఊగేది. మాస్టారు కళ్ళు మూసుకుని వింటూ, "ఆల్టోల్లో ఎవరిదో 'ని' ఊగుతోందమ్మా" అనేవారు. ఎవరిదో ఆయనకి తెలుసు, నాకూ తెలుసు. గమకం వెయ్యడానికి ఆరేళ్ళు నేర్చుకున్నాను, మానెయ్యడానికి ఆరు వారాలు పట్టింది. ఈ రెండోదే కష్టం. ఇప్పటికీ అలసిపోతే ఊగుతుంది.

తరవాత తాళం. కుడిచెయ్యి తొడ మీద పడకుండా నేను పాడలేను. నాలుగు దెబ్బల బార్లు రెండు కలిస్తే మన ఆదితాళం, లెక్క చక్కగా సరిపోతుంది. కానీ క్వయర్‌లో ఎవరి తాళం వాళ్ళు వేసుకోకూడదట. తాళం వేసేది ముందు నిలబడి అందరినీ నడిపించే కండక్టరు ఒక్కడే, అదీ చప్పుడు లేకుండా గాలిలో. కర్ర కిందికి ఒకటి, ఎడమకి రెండు, కుడికి మూడు, పైకి నాలుగు. కొన్నాళ్ళు చెయ్యి వెనక్కి పెట్టుకుని పమిట చాటున వేళ్ళు లెక్కపెట్టాను. సిస్టర్ గారు కనిపెట్టి, "కాలి బొటనవేలు వాడండి, చెప్పులో ఎవరికీ కనబడదు" అని ఉపాయం చెప్పారు. బార్ల లెక్క నేర్పింది కూడా ఆవిడే. ఒకటి రెండు మూడు నాలుగు, రెండు రెండు మూడు నాలుగు, మూడు రెండు మూడు నాలుగు. మొదటి దెబ్బ దగ్గర బారు అంకె చెప్పుకుంటే ఎక్కడున్నామో తప్పిపోము. హల్లెలూయా పాట మధ్యలో ఒకే వరసని ముందు బాస్‌లు ఎత్తుకుంటారు, తరవాత టెనర్లు, మూడోసారి మేము, ఆఖరున సోప్రానోలు. మా ముందు ఇద్దరు అయ్యేదాకా నోరు మూసుకుని నిలబడాలి. బస్సులో నేను చేసిన జపం ఇలాంటి చోట్ల కోసమే.

ఇంగ్లీషు మాటలు ఎవరికీ కష్టం కాదనుకున్నాం. అందరం చదువుకున్నవాళ్ళమే. కానీ తెలుగు అజంత భాష. మన నోటికి మాట చివర అచ్చు లేకపోతే తలుపు వెయ్యకుండా బయటికి వెళ్ళినట్టుంటుంది. మామూలుగా మాట్లాడేటప్పుడు సరిగ్గానే అంటాం, అరవై మంది కలిసి గొంతెత్తేసరికి ఎక్కడి నుంచో ఒక ఉకారం వచ్చి చేరుతుంది. "లార్డు గాడు" అని పాడుతున్నాం. మాస్టారు రెండుసార్లు ఓపిక పట్టి, మూడోసారి కీబోర్డు మూత వేసేశారు. "సుబ్బిగాడు, రాముగాడు, లార్డు గాడు! దేవుడు మీ ఇంట్లో జీతగాడు అనుకుంటున్నారా?" అరగంట పాటు ఆ రెండు మాటలే పలికించారు. చివరి 'డ్' అందరూ ఒకే దెబ్బ మీద కొయ్యాలి, ఒకళ్ళు ముందూ ఒకళ్ళు వెనకా అయితే రేకు మీద వడగళ్ళు పడ్డట్టు వినిపిస్తుంది. బాస్‌లలో ఒక కుర్రాడికి ఆ రోజు నుంచి లార్డుగాడు అనే పేరు స్థిరపడిపోయింది.

మూడో నెలలో ఒక విపత్తు. సోప్రానోలు ఎంత తేలిగ్గా పాడేస్తున్నారంటే మాస్టారికే అనుమానం వచ్చింది. ఈ పాటలో సోప్రానోలు పొడుగాటి స్వరాలు పట్టుకుని మెట్టు మెట్టుగా పై 'జి' దాకా ఎక్కాలి, మామూలుగా అక్కడ మొహాలు ఎర్రబడాలి. ఎవరి మొహమూ ఎర్రబడటం లేదు. ఒక అమ్మాయి ఫోనులో శ్రుతి కొలిచే ట్యూనరు తెరిచి కీబోర్డు 'ఏ' మెట్టు దగ్గర పెడితే 440 రావలసింది 415 చూపించింది. ఎవరో పిల్లవాడు కీబోర్డు మీద ట్రాన్స్‌పోజ్ బొత్తాం నొక్కాడు, ఎప్పుడో తెలియదు. కనీసం మూడు వారాలుగా అందరం అర శ్రుతి కింద పాడుతున్నాం.

మాస్టారు తల పట్టుకుంటారనుకున్నాం. ఆయన నవ్వారు. పాత కాలపు సంగీతాన్ని పాత పద్ధతిలో వాయించే బృందాలు ఈనాడు 'ఏ'ని సాధారణంగా 415 దగ్గరే పెట్టుకుంటాయట. హాండెల్ దగ్గర ఉండిన శ్రుతి దండం ఒకటి ఇప్పటికీ ఉంది, దాన్ని కొలిస్తే 422.5 వచ్చింది. "మీరు హాండెల్ కన్నా కూడా ఒక మెట్టు పాతకాలానికి వెళ్ళిపోయారు. రండి, డిసెంబరుకి వద్దాం" అన్నారు. బొత్తాం సరిచేసి మొదలుపెట్టాక సోప్రానోల మొహాలు చూడాలి. నాకు కొంచెం సంతోషం కలిగిన మాట దాచను.

ఇంట్లో గొడవ అవుతుందేమోనని మీరు అనుకోవచ్చు, నేనూ అనుకున్నాను. అత్తగారు ఒకరోజు పిలిచి అడిగారు. "హల్లెలూయా అంటే ఏమిటే?" హీబ్రూ మాటనీ, దేవుణ్ణి స్తుతించండి అని అర్థమనీ చెప్పాను. ఆవిడ ఆలోచించి, "అదేగా, భజన. దానికి ఇన్ని కాగితాలు ఎందుకు?" అన్నారు. అంతటితో ఆ విషయం ముగిసింది. బంధువుల్లో ఒకరిద్దరు మూతి తిప్పారు గానీ, వాళ్ళు నా కచేరీకి వచ్చినదీ లేదు, రానందుకు నేను నొచ్చుకున్నదీ లేదు.

కార్యక్రమంలో మా వైపు సరుకు కూడా కొంత ఉంది. ముత్తుస్వామి దీక్షితులు మద్రాసు పక్క మణలిలో ఉన్నప్పుడు సెయింట్ జార్జి కోట బ్యాండులో విన్న దొరల పాటల వరసలకి సంస్కృత సాహిత్యం కట్టారు. ఓ నలభై దాకా ఉన్న ఆ నోటు స్వరాల్లో రెండింటిని మాస్టారు నాలుగు గొంతులకి రాశారు. 'శ్యామలే మీనాక్షి' పాడగానే సోప్రానోల్లో చిన్నపిల్లలంతా కిసుక్కుమన్నారు. వరస 'ట్వింకిల్ ట్వింకిల్'ది మరి. ఆ వారం ఉచ్చారణ పాఠం చెప్పడం నా వంతయింది. సిస్టర్ గారు 'క్షి'ని నిఖార్సుగా పలికేదాకా వదల్లేదు. ఇన్నాళ్ళు నా నిషాదాన్ని సహించినందుకు ప్రతిఫలం అనుకోండి.

ఆర్కెస్ట్రా కచేరీకి ముందురోజు పొద్దున్న రైల్లో దిగింది. 32 మంది. వాళ్ళతో మాకు దొరికేది ఒక్క రిహార్సల్, మర్నాడు సాయంత్రం కచేరీ. విజయవాడలో హాలు తలుపు తీసేసరికి వయొలిన్లవాళ్ళు అప్పటికే కూర్చుని ఉన్నారు. నేను చిన్నప్పటి నుంచి చూసిన వయొలిన్ నేల మీద బాసింపట్టు వేసుకుని, తల కాలి చీలమండ మీద ఆన్చుకునేది. వీళ్ళు కుర్చీ అంచున కూర్చుని గడ్డం కింద నొక్కి పట్టుకున్నారు. ఆ వాయిద్యాన్ని మన సంగీతంలోకి తెచ్చింది దీక్షితుల తమ్ముడు బాలుస్వామి. ఇక్కడి నుంచి అక్కడికి వెళ్ళి చూస్తే అదే మనిషి వేరే బట్టల్లో కనబడ్డట్టుంది. పదహారు విల్లులూ ఒకేసారి పైకి, ఒకేసారి కిందికి. ఏ దెబ్బకి ఏ వైపో కాగితం మీద ముందే రాసుకుంటారట.

అప్పుడు శ్రుతి చేసుకున్నారు. మనం ఎప్పుడూ షడ్జం పట్టుకుని మొదలుపెడతాం. ఇక్కడ ఓబో అనే వాయిద్యం ఊదే ఆయన 440 'ఏ' ఒక్కటి సాగదీసి ఇచ్చాడు, అందరూ దానికి చేరారు. మా పాట శ్రుతి 'డి' కాబట్టి నా చెవికి అది పంచమం. హాలంతా పంచమంతో నిండిపోయింది, షడ్జం ఎక్కడా లేదు. ఇల్లంతా దీపాలు పెట్టి దేవుడి గది చీకటిగా వదిలేసినట్టు నాకు ఒకటే ఆరాటం. ఆ షడ్జం ఎవరిస్తారా అని చూస్తుంటే వెనక మూల టింపనీ ఆయన కనబడ్డాడు. రెండు పెద్ద రాగి గంగాళాల్లాంటి డోళ్ళు. ఒక దాని మీద చెవి దాదాపు ఆన్చి, వేలితో మెల్లగా తట్టి, కాలి కింద పెడలు తొక్కి సరిచేసుకుంటున్నాడు, మృదంగం ఆయన రాయితో అంచు కొట్టుకుంటూ వింటాడు చూశారా, అచ్చం అలాగే. ఒకటి 'డి', రెండోది 'ఏ'. అంటే స, ప. హల్లెలూయాలో ఆయనకి ఉన్నవి ఆ రెండే స్వరాలు. ట్రంపెట్లతో కలిసి అవి మోగినప్పుడల్లా నాకు తంబూరా దొరికినంత ధైర్యం వచ్చేది. ఆ తరవాత రెండు రోజులూ నేను ఆయన వంకే చూశాను. చూడాల్సింది కండక్టరుని.

అదే కండక్టరు గారి మొదటి ఫిర్యాదు కూడా. మేము వెనక మెట్ల మీద నిలబడ్డాం, ఆయనకి దాదాపు పన్నెండు మీటర్ల దూరం. శబ్దం సెకనుకి సుమారు 340 మీటర్లు వెళుతుంది. ముందు వరస వయొలిన్ మాకు వినబడి, దానితో మేము గొంతు కలిపి, మా గొంతు తిరిగి ముందుకు చేరేసరికి రెండు దఫాల ఆలస్యం. "మీరు వింటూ పాడుతున్నారు, అందుకే ఈడ్చుకొస్తున్నారు. చూసి పాడండి" అన్నారు. జీవితమంతా వినమని నేర్పారు, ఇప్పుడు చెవులు నమ్మొద్దంటే ఎలా? అరగంటలో తెలిసింది, ఆయన చెప్పిందే నిజం. కర్రతో కలిసి పాడితే నా చెవికి ఆర్కెస్ట్రా కన్నా ముందు వెళ్ళిపోతున్నట్టుంటుంది, హాలు మధ్యలో కూర్చున్న మాస్టారు మాత్రం బొటనవేలు పైకెత్తుతారు.

ఇక నా ఘనకార్యం. ఆ పాట ముగింపులో హల్లెలూయాలు వరసగా, హడావుడిగా, ట్రంపెట్లతో సహా వచ్చి ఒక్కసారిగా ఆగిపోతాయి. పూర్తి నిశ్శబ్దం. ఆ తరవాత ఆఖరి హల్లెలూయా, నెమ్మదిగా, నాలుగు అడుగుల్లో. నాలుగు నెలలు లెక్క అభ్యాసం చేసిన మనిషిని కదా, ఆ నిశ్శబ్దంలో కూడా కాలి బొటనవేలు పని చేస్తూనే ఉంది. లెక్క పూర్తయింది. నేను "హ" అన్నాను.

ఒక్కదాన్నే. ఐదున్నర శ్రుతిలో మైకు లేకుండా పాడటానికి తయారు చేసిన గొంతుతో. ఆ హాలు ఎంత బాగా ప్రతిధ్వనిస్తుందో ఆ క్షణాన అందరికీ తెలిసింది. కండక్టరు చెయ్యి గాలిలో ఉన్నది ఉన్నట్టే ఉంది. 32 మంది ఆర్కెస్ట్రా, 63 మంది క్వయర్, ఎవరూ నవ్వలేదు. అదే భరించలేకపోయాను. అప్పుడు టింపనీ ఆయన చాలా మర్యాదగా, చాలా మెల్లగా, షడ్జం మీద ఒక్క దెబ్బ వేశాడు. అంతే, హాలు ఘొల్లుమంది.

నవ్వులు ఆగాక కండక్టరు గారు నా పేరు అడగలేదు, నా వైపు చూడనూ లేదు. "ఇక్కడ దొరికిపోయేది ఎప్పుడూ బాగా లెక్కపెట్టేవాళ్ళే. ఇక్కడ లెక్క లేదు, నా చెయ్యి మాత్రమే ఉంది" అని, ఆ చోటుని ఆరుసార్లు పాడించారు. ఒకసారి క్షణంలో, ఒకసారి ఇక ఎత్తుకోనిస్తారా అనేంత ఆలస్యంగా. ఆరోసారికి బొటనవేలు కదల్చడం మానేశాను.

ఆ రాత్రి సిస్టర్ గారికి ఫోను చేసి, ఆఖరి హల్లెలూయాకి నోరు మాత్రం ఆడిస్తాను, పాడను అని చెప్పాను. "నేను ఈ నలభై ఏళ్ళలో నాలుగుసార్లు అలా ఎత్తుకున్నాను. ఒకసారి క్రిస్మస్ ఆరాధనలో, బిషప్పు గారి ఎదురుగా. పడుకోండి" అని పెట్టేశారు.

కచేరీ రోజు మధ్యాహ్నం మూడింటికి హాలు ఏసీ మొరాయించింది. నిర్వాహకులు నాలుగు పెద్ద స్టాండు ఫ్యాన్లు తెచ్చి పెట్టారు. ఫ్యాన్లు తిరగ్గానే స్టాండ్ల మీది కాగితాలన్నీ పిచ్చుకల్లా లేచాయి. చెల్లో వాయించే అమ్మాయి ఒకతె అరవ కలిసిన తెలుగులో "బట్టల క్లిప్పులు దొరుకుతాయా?" అని అడిగింది. సత్యనారాయణపురం అక్కడికి ఆటోలో పది నిమిషాలు. ఇంటికి వెళ్ళి బాల్కనీ తీగ మీదున్న క్లిప్పులన్నీ ఊడబీకాను, అత్తగారి చీరలు కుర్చీల మీద పడేశాను. ఇరవై నాలుగు క్లిప్పులు, నీలం, గులాబీ, ఆకుపచ్చ. వాటితో ఆర్కెస్ట్రా ముందు వరస మొత్తం దండెంలా తయారైంది.

సాయంత్రం నోటు స్వరాలకి చప్పట్లు బాగా వచ్చాయి. ఆర్కెస్ట్రా వాళ్ళు తమ వాటా రెండు వాయించారు. ఆఖరున హల్లెలూయా. మొదటి మూడు బార్లు ఆర్కెస్ట్రా వాయిస్తుండగానే గుంటూరు నుంచి వచ్చినవాళ్ళంతా లేచి నిలబడ్డారు. ఈ పాటకి లేవడం ఆనవాయితీ. రెండో జార్జి రాజు లండన్‌లో ఇది విని లేచాడని కథ చెబుతారు, ఆ కాలపు సాక్ష్యం మాత్రం లేదు. మిగతా సగం హాలు ఇదేదో జనగణమన లాంటిదనుకుని కంగారుగా లేచింది. మూడో వరసలో మావారు అత్తగారిని లేపుతున్నారు, ఆవిడ విదిలించుకుంటున్నారు. ఇదంతా నాకెలా కనబడిందంటే, మళ్ళీ కర్ర చూడటం మానేశాను కాబట్టి.

బాస్‌లు ఎత్తుకున్నారు, టెనర్లు అందుకున్నారు, మా వంతు వచ్చింది. సరిగ్గానే పడ్డాం. సోప్రానోలు ఎక్కవలసిన మెట్లు ఎక్కారు, మొహాలు ఎర్రబడ్డాయి. హల్లెలూయాలు పరుగెత్తుకొచ్చి ఆ అంచు దగ్గర ఆగిపోయాయి.

జనం చప్పట్లు కొట్టారు.

అయిపోయిందనుకున్నారు పాపం. ఎనిమిది వందల మంది దాకా ఉంటారు, నిండుగా కొట్టారు. కండక్టరు చెయ్యి దిగలేదు. విల్లులు తీగల మీద అంగుళం ఎత్తున ఆగిపోయాయి. ట్రంపెట్ ఆయన పెదాలకి ఆన్చినది ఆన్చినట్టే ఉంచాడు. మా చర్చివాళ్ళు వెనక్కి తిరిగి "ష్" అంటున్నారు. చప్పట్లు పలచబడ్డాయి, వెనకెక్కడో ఒక పెద్దమనిషి మాత్రం ఇంకా కొడుతూనే ఉన్నాడు, ఆయన్నీ ఎవరో ఆపారు. చెల్లో అమ్మాయి స్టాండు మీద కాగితం మూల ఫ్యాను గాలికి కొట్టుకుంటోంది, మా నీలం క్లిప్పు దాన్ని పట్టుకుని ఉంది. ఆ రెపరెప తప్ప హాల్లో ఏ చప్పుడూ లేదు. నేను ఆ చేతి వంక చూస్తున్నాను. ఎంతసేపు ఉన్నామో చెప్పలేను, లెక్కపెట్టలేదు.

చెయ్యి కదిలింది. పాడాను.

మర్నాడు పొద్దున్న అత్తగారు బాల్కనీలో నుంచి కేకేశారు. "అమ్మాయ్, క్లిప్పులు ఇరవై ఒకటే ఉన్నాయి."

"మూడు చెన్నై వెళ్ళిపోయి ఉంటాయి అత్తయ్యగారూ" అన్నాను.

"భజనకి వెళ్ళి క్లిప్పులు పోగొట్టుకునే కోడల్ని నిన్నే చూశాను" అని, ఆవిడ తడిచీర నా చేతికిచ్చారు.